స్వరాన్ని గుర్తుపట్టినవాడు

జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లేవారికి సినిమావాళ్ల ముఖాలు కనబడకుండా దారి సాగదు. గోడ మీద ఒక ముఖం, బస్సు వెనుక ఇంకొక ముఖం. ఇక్కడ మనిషిని ముఖాన్ని బట్టే గుర్తిస్తారు. ముఖం తెలిసినవాడికి గేటు తెరుచుకుంటుంది, తెలియనివాడు వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతాడు. కొండ దిగితే కృష్ణానగర్. తమ ముఖం ఎవరైనా గుర్తుపడతారేమోనని ఇరుకు గదుల్లో అద్దెకుంటూ ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు అక్కడ ఎంతమందో! వాళ్లలో మన విశ్వాసులు కూడా ఉన్నారు.

అలాంటి ఒక తమ్ముడు ఒక ఆదివారం ఆరాధన ముగిశాక నా దగ్గరికి వచ్చాడు. ఎవరో ఒకాయన అతని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఏడాది తిరగకుండా పెద్ద వేషం వస్తుందని దేవుడు తనకు చూపించాడని చెప్పాడట. కానుక కూడా తీసుకున్నాడట. ఏడాది తిరిగింది. వేషం రాలేదు. అయితే ఆ తమ్ముడి బాధ వేషం గురించి కాదు. దేవుడు నిజంగానే మాట్లాడితే అది ఆయనేనని నాకెలా తెలుస్తుందన్నా అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పే శక్తి నాకు లేదు. అందుకని ఒక మనిషి జీవితం చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

తెలుగువాళ్లలో యేసుప్రభువు ముఖమంటే చాలామందికి విజయచందర్ గారి ముఖమే గుర్తొస్తుంది. 1978 డిసెంబరులో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమా అంతగా జనంలోకి వెళ్లింది. అప్పటికి మన చిత్ర పరిశ్రమ ఇంకా చాలావరకు మద్రాసులోనే ఉంది. ఆ సినిమాను పల్లెటూళ్లలో తెర కట్టి ఏళ్ల తరబడి చూపించారు. దాని ద్వారా మేలు పొందినవారు లెక్కలేనంతమంది. నేనూ చిన్నప్పుడు నేల మీద కూర్చుని చూసి ఏడ్చినవాణ్ణే. కానీ బైబిల్ చదివితే ఒక వింత విషయం కనబడుతుంది. తిరిగి లేచిన ప్రభువును కళ్లారా చూసినవాళ్లే ఆయన్ని గుర్తుపట్టలేదు. మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది. ఆయన పేరుపెట్టి పిలిచాక గానీ ఆమెకు తెలియలేదు (యోహాను 20వ అధ్యాయం). ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు మైళ్లకొద్దీ ఆయనతో కలిసి నడిచారు, మాట్లాడారు, అయినా పోల్చుకోలేకపోయారు. ముఖం చూసినంత మాత్రాన ప్రభువు తెలియడు. ఆయన గొర్రెలకు తెలిసేది ఆయన స్వరం.

చెక్‌పోస్టు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు వెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వస్తుంది. కొత్త సినిమా విడుదలైన రోజున అభిమానులు పండగ చేసుకునే థియేటర్లన్నీ అక్కడున్నాయి. వాటికి కాస్త అవతల గోల్కొండ చౌరస్తా. అక్కడే హెబ్రోను. స్వరాన్ని బట్టి ప్రభువును గుర్తుపట్టిన ఒక పంజాబీ మనిషి తన జీవితంలో రెండో సగమంతా అక్కడ గడిపారు. ఆయనే బ్రదర్ భక్త్‌సింగ్. తెలుగు సంఘాల్లో ఆయన పేరు వినని పెద్దవాళ్లుండరు. ఈ తరం పిల్లలకు మాత్రం పేరు తెలుసు గానీ మనిషి తెలియడు.

1903 జూన్ 6న ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు ప్రాంతంలో, జోయియా అనే ఊళ్లో, స్థితిమంతులైన సిక్కు కుటుంబంలో ఆయన పుట్టారు. చదివింది మిషన్ స్కూల్లోనే. ఏడేళ్లు అక్కడ ఉన్నా క్రైస్తవమంటే ఇష్టం ఏర్పడకపోగా కోపం పెరిగింది. గురుద్వారాలో గంటలు గంటలు గడిపేవారు, సేవ చేసేవారు. తన మతం మీద భక్తి ఉన్న కుర్రవాడు. ఇంటర్మీడియట్ పాసైనప్పుడు ఆయనకొక బైబిల్ బహుమతిగా వచ్చింది. కాగితాలు చింపి పారేశారు. తోలు అట్ట మాత్రం అందంగా ఉందని దాచుకున్నారు. ఈ సంగతిని ఆయనే తర్వాత తన సాక్ష్యంలో ఏమీ దాచకుండా చెప్పుకున్నారు. అట్ట ఉంచుకుని లోపలిది పారేయడం ఒక్క ఆయన చేసిన పని కాదు లెండి. ఆదివారం చంకలో పెట్టుకుని వెళ్లే మన బైబిళ్లను అడిగితే ఏం చెబుతాయో!

ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు వెళ్లాలని ఆయన పట్టుపట్టారు. అక్కడికి వెళ్తే మతం మారతాడేమోనని తండ్రి భయం. చివరికి మతం వదలనని తల్లికి మాట ఇచ్చి 1926లో బయలుదేరారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో చేరారు. తల్లికిచ్చిన మాట ఒక రకంగా నిలబెట్టుకున్నారు, క్రైస్తవుడు కాలేదు. కానీ ఉన్న భక్తి కూడా పోయింది. జుట్టు, గడ్డం తీసేశారు. సిగరెట్టు, మద్యం, నాటకశాలలు అలవాటయ్యాయి. దేవుడు లేడనేదాకా వచ్చారు. డబ్బుంది, చదువుంది, స్నేహితులున్నారు. సంతోషం మాత్రం లేదు.

1928లో సెలవులకు కెనడా వెళ్లే ఓడ ఎక్కారు. ఓడలో ఒక ఆదివారం భోజనశాలలోనే ఆరాధన పెట్టారు. వెళ్లకపోతే మర్యాదగా ఉండదని వెళ్లి కూర్చున్నారు. ప్రసంగం మొదలుకాగానే నిద్రపోయారు. (ఇది చదివి ఏ పాస్టరుగారూ నొచ్చుకోవద్దు. ఆ రోజున ప్రసంగం చేయలేని పని మోకాళ్లు చేశాయి.) ప్రసంగం అయ్యాక అందరూ ప్రార్థనకు మోకరించారు. ఈయనకు మెలకువ వచ్చింది. లేచి వెళ్లిపోదామంటే అటూ ఇటూ మోకరించినవాళ్లు అడ్డం. మోకరిద్దామంటే దేశాభిమానం అడ్డం, మతాభిమానం అడ్డం, చదువుకున్నానన్న గర్వం అన్నిటికంటే పెద్ద అడ్డం. అప్పుడు ఆయనకొక చిన్న ఆలోచన వచ్చింది. గుడికి వెళ్తే చెప్పులు విడుస్తాను, మసీదుకు వెళ్లినా విడుస్తాను, ఇక్కడ మాత్రం వీళ్ల పద్ధతికి ఎందుకు గౌరవం ఇవ్వకూడదు? అంతే. ఆ గౌరవం కొద్దీ మోకరించారు.

మోకాళ్లు నేలకు తగిలిన ఆ క్షణంలో ఒళ్లంతా వణికింది. గుండెల మీది బరువు దిగిపోయింది. ఎన్నడూ ఎరగని ఒక సంతోషం లోపల నిండింది. తనకు తెలియకుండానే యేసు నామాన్ని మళ్లీ మళ్లీ పలకసాగారు. అంతకు కొద్ది నిమిషాల ముందు ఆ పేరంటే గిట్టని మనిషి! ఆయనకు ఏ రూపమూ కనబడలేదు. ఎవరూ వాదించి ఒప్పించలేదు. ప్రసంగం సగం కూడా వినలేదు. తల వంచితే చాలు, మిగతాది దేవుడు చూసుకున్నాడు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటాం. కాలేదు. తాను కలుసుకున్నది ఎవరినో ఆయనకు ఇంకా పూర్తిగా తెలియదు. తిరిగి లండన్ వచ్చి, ఎవరికీ చెప్పకుండా చర్చిల్లో వెనక వరుసలో కూర్చుని వచ్చేసేవారు. ఏడాదికి పైగా అలాగే గడిచింది. అనుభవం కలిగింది గానీ స్వరం తెలియలేదు. మన సభల్లో ఒళ్లు పులకరించిన ప్రతివాళ్లూ మర్నాటికల్లా ప్రవక్తలైపోయే ఈ రోజుల్లో, ఈ ఏడాది మౌనాన్ని నేను ఆ తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాను.

1929లో వ్యవసాయ ఇంజనీరింగ్ చదువు కోసం ఆయన కెనడాలోని విన్నిపెగ్ చేరారు. డిసెంబరు నెల. అక్కడి చలికాలమంటే మన చలికాలం కాదు, కిటికీ అద్దాల మీదే మంచు గడ్డకడుతుంది. డిసెంబరు 14న ఒక క్రైస్తవ స్నేహితుణ్ణి బైబిల్ ఉందా అని అడిగారు. హిందూ దేశం నుంచి వచ్చినవాడు బైబిల్ అడగడమేమిటని ఆ స్నేహితుడు ఆశ్చర్యపోయాడు. జేబులో పట్టే కొత్త నిబంధన ఒకటి ఆయన చేతికి వచ్చింది. ఆ రాత్రి తెల్లవారుజామున రెండు మూడు గంటల దాకా చదివారు. మర్నాడు బయట మంచు కురుస్తుంటే మంచం దిగకుండా చదివారు. కాగితాలు చింపి అట్ట దాచుకున్న మనిషి ఇప్పుడు అట్టను చూడడమే లేదు.

డిసెంబరు 16న యోహాను సువార్త మూడో అధ్యాయానికి వచ్చారు. నీకొదేముతో ప్రభువు మాట్లాడే సందర్భం. మూడో వచనం మొదటి సగం దగ్గరే కళ్లు ఆగిపోయాయి. కొత్తగా జన్మించడం గురించిన అసలు సంగతి రెండో సగంలో ఉంది. అక్కడి దాకా వెళ్లనేలేదు. నేను నీతో చెబుతున్నాను అని ప్రభువు అనే ఆ మొదటి మాటలే గుండెను పట్టుకున్నాయి. అవి ఎప్పుడో ఎక్కడో ఒక యూదా పెద్దతో అన్న మాటలు కాదు, ఈ గదిలో ఈ మంచం మీద ఉన్న తనతోనే అంటున్న మాటలని తెలిసింది. గుండె వేగంగా కొట్టుకుంది. ఓడలో తనను తాకినవాడూ ఇక్కడ మాట్లాడుతున్నవాడూ ఒక్కడేనని అర్థమైంది. గతంలో ఆయన నామాన్ని దూషించినందుకు ఏడ్చారు. తన పాపాల కోసమే ఆయన రక్తం చిందించాడని నమ్మారు. క్షమాపణ దొరికిందన్న నిశ్చయం కలిగింది. ఆ తర్వాత ఇక ఆ పుస్తకాన్ని వదల్లేదు. రెండు నెలలు గడిచేసరికి బైబిల్ మొత్తం చదివేశారు.

నీకొదేము ఆ రాత్రి ప్రభువును అదెలా సాధ్యమని అడిగాడు. భక్త్‌సింగ్‌కు ఆ ప్రశ్నే రాలేదు. ఇంజనీరింగ్ చదివిన బుర్ర అది, యంత్రం ఎలా తిరుగుతుందో విప్పి చూడడం నేర్చినది. అలాంటి బుర్ర ఒక మాట ముందు పసిబిడ్డలా నిలబడిపోయింది. పసిబిడ్డ అమ్మ గొంతును పరీక్ష పెట్టి నిర్ధారించుకోదు. రోజూ వింటుంది కాబట్టి గుర్తుపడుతుంది. సాదా విశ్వాసమంటే ఆలోచన లేకపోవడమని కొందరు పొరబడతారు. తెల్లవారుజాము దాకా కూర్చుని చదివిన మనిషిని ఆలోచన లేనివాడని ఎలా అంటాం?

1932 ఫిబ్రవరిలో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఒక రాత్రి ప్రార్థనలో తన జీవితాన్ని పూర్తిగా దేవుని సేవకు అప్పగించుకున్నారు. ఆ సమయంలో దేవుడు తన ముందు కొన్ని షరతులు పెట్టాడని ఆయన సాక్ష్యం. పంజాబులోని పిత్రార్జితం మీద హక్కు వదులుకోవాలి. ఏ సొసైటీలోనూ జీతానికి చేరకూడదు. సొంత ప్రణాళికలు వేసుకోకూడదు. అవసరాలు దేవునికే చెప్పుకోవాలి, మనుషులకు కాదు.

కృష్ణానగర్ తమ్ముడికి నేను ఈ చోట కథ ఆపి ఒక సంగతి చూపించాను. భక్త్‌సింగ్ గుర్తుపట్టిన స్వరం ఆయనకు ఒక్కసారి కూడా వేషం ఇస్తానని చెప్పలేదు. ప్రతిసారీ ఏదో ఒకటి అడిగింది. మొదట గర్వం అడిగింది, తర్వాత ఆస్తి అడిగింది, ఆ తర్వాత అన్నిటికంటే కష్టమైనది అడగబోతోంది. మన ఆశల్నే మన చెవిలో ఊదే గొంతు సాధారణంగా మనదే అయి ఉంటుంది, లేదా కానుక కోసం వచ్చినవాడిదై ఉంటుంది.

1933 ఏప్రిల్‌లో ఆయన బొంబాయి రేవులో దిగారు. ఏడేళ్ల తర్వాత కొడుకును చూడ్డానికి తల్లిదండ్రులు పంజాబు నుంచి వచ్చారు. కొడుకు క్రైస్తవుడయ్యాడని వాళ్లకు అప్పటికే తెలుసు. వాళ్లు ఆయన్ని తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగారు. నీ నమ్మకం నీ మనసులో ఉంచుకో, బైబిల్ చదువుకో, చర్చికి కూడా వెళ్లు, కానీ ఇంటి పరువు కోసం బయటికి మాత్రం చెప్పకు అన్నారు. ఎంత చిన్న కోరిక! మనలో ఎంతమందిమి ఆ బేరానికి ఒప్పుకుని ఉండేవాళ్లం! కులం సర్టిఫికెట్టు కోసమో, పెళ్లి సంబంధం కోసమో, ఆఫీసులో పేరు కోసమో అలాంటి బేరాలు మన ఇళ్లలో రోజూ జరుగుతూనే ఉన్నాయి. తల్లి మీద ప్రేమ లేనివాడైతే తేలిగ్గా కాదనేవాడు. ఈయనకు తల్లి అంటే ప్రాణం. మతం వదలనని మాట ఇచ్చింది ఆమెకే. అయినా కుదరదన్నారు. ఊపిరి తీసుకోకుండా ఎలా బతకలేనో, క్రీస్తును చెప్పకుండా అలాగే బతకలేనని వాళ్లకు నచ్చజెప్పబోయారు. వాళ్లు ఆయన్ని అక్కడే వదిలి ఏడుస్తూ వెళ్లిపోయారు. పెద్ద చదువులు చదివిన ఇంజనీరు, ముప్పై ఏళ్లవాడు, రేవు పట్టణంలో ఇల్లు లేకుండా మిగిలాడు.

ఆ తర్వాతి సంగతులు చాలా పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి త్వరగా చెబుతాను. బొంబాయి, కరాచీ వీధుల్లో కరపత్రాలు పంచుతూ సువార్త చెప్పారు. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్ అనే క్రైస్తవ గ్రామంలో గొప్ప ఉజ్జీవం వచ్చింది, ఆయన పేరు దేశమంతా పాకింది. మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. అక్కడ వేలమంది వినడానికి వచ్చారు. 1941లో పల్లావరం దగ్గర కొండ మీద తోటి సేవకులతో రాత్రంతా ప్రార్థన చేసి దిగివచ్చాక, మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం మొదలైంది. ఆ ఏడాది చివర్లోనే తొలి పరిశుద్ధ సమాజ కూటాలు జరిగాయి. 1950లో హైదరాబాదులో హెబ్రోను ఏర్పడింది. అప్పటికి జూబ్లీ హిల్స్ అంటే ఎక్కువగా బండరాళ్లు, పొదలే.

ఆయన తెలుగు ప్రసంగీకుడు కాదు. తెలుగువాళ్లు ఆయన్ని విన్నది అనువాదకుల నోటి నుంచే. కోస్తా జిల్లాల నుంచి, తెలంగాణ పల్లెల నుంచి కూలీనాలీ చేసుకునేవాళ్లు మూటలు కట్టుకుని హెబ్రోను కూటాలకు వచ్చేవారు. డాక్టరూ రిక్షా తొక్కేవాడూ ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుని ఒకే అన్నం తినేవారు. కులం పేరుతో సంఘాలే చీలిపోయిన మన నేల మీద ఆ పంక్తి భోజనం చిన్న సంగతి కాదు. ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగేది. అందులో చదువురాని అవ్వ కూడా లేచి తన మాటల్లో ప్రభువును స్తుతించవచ్చు. ఆమె ప్రార్థనను ఎవరూ దిద్దరు. దేవుని స్వరం చదువుకున్నవాళ్లకే వినబడుతుందన్న నమ్మకం ఆయనకు లేదు.

పనివాళ్లకు జీతాలు లేవు. చందాల కోసం తిరగడం లేదు. అన్నిటికీ మోకాళ్లే. ఏ ఊరు వెళ్లాలి, ఎవరిని పంపాలి, ఏ స్థలం తీసుకోవాలి అన్నా గంటల తరబడి మోకరించేవారు. జవాబు తెలియకపోతే కదిలేవారు కాదు. ఆయన్ని విమర్శించినవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి. తమ సభ్యులు ఆ సహవాసాల వైపు వెళ్లిపోతున్నారని పాత మిషన్ సంఘాల పెద్దలు చాలామంది నొచ్చుకున్నారు. వాళ్ల బాధలోనూ న్యాయముంది. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరువేరు సంఘాలకు వెళ్లవలసి వచ్చింది. దేవుని స్వరం విన్నామని నమ్మేవాళ్ల మధ్య కూడా ఇలాంటి గాయాలు అవుతాయి. ఆ లెక్క తేల్చడం నా పని కాదు.

నాకు అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడేది ఆయన చివరి కాలం. దేశదేశాల్లో వేలమంది ముందు గంటల తరబడి బోధించిన గొంతు పార్కిన్సన్స్ వ్యాధితో మూగబోయింది. ఏళ్ల తరబడి మంచానికే పరిమితమయ్యారు. వ్యాధి ముదిరేకొద్దీ మోకరించే శక్తి కూడా పోయింది. ఎంతోమంది రోగుల కోసం ప్రార్థించిన మనిషికి ఇలా ఎందుకు జరిగిందని అడిగినవాళ్లున్నారు. స్వస్థతే విశ్వాసానికి రుజువని నేర్పేవాళ్ల దగ్గర దీనికి జవాబు దొరకదు. భక్త్‌సింగ్ నేర్చుకున్నది వేరు. ఓడలో ఆయన చేసిందల్లా తల వంచి ఊరుకోవడమే. డెబ్బై ఏళ్ల తర్వాత హెబ్రోనులోని మంచం మీద కూడా చేయగలిగింది అంతే.

ఆ తమ్ముడు అంతా విని, మరి ఆయనకు ఆ రోజుల్లో స్వరం వినబడేదంటారా అని అడిగాడు. మాట్లాడలేని మనిషి ఏం వింటున్నాడో పక్కవాళ్లకెలా తెలుస్తుంది? నాకు తెలిసింది మిగిలిన కథ మాత్రమే.

2000 సెప్టెంబరు 17న, 97 ఏళ్ల వయసులో, ఆయన హెబ్రోనులో ప్రభువు సన్నిధికి చేరారు. 22న సమాధి కార్యక్రమం జరిగింది. హైదరాబాదు సినిమా హీరోల కోసం కదిలిన నగరం, నాయకుల కోసం కదిలిన నగరం. ఆ రోజు వచ్చినవాళ్లు రెండు లక్షల పైచిలుకని అంచనా. రైళ్లలో, బస్సుల్లో, లారీల్లో వచ్చారు. నారాయణగూడ శ్మశానవాటిక దాకా రోడ్లు నిండిపోయాయి. ఆస్తి లేని మనిషి, ఏ పదవీ లేని మనిషి, తెలుగు ప్రసంగం చేయని మనిషి, ఏళ్లుగా నోరు మెదపలేని మనిషి. వచ్చినవాళ్లలో చాలామంది ఆయన మాటను ఎప్పుడూ ఇంకొకరి నోటి నుంచే విన్నవాళ్లు. అయినా ఆ మాట ఎవరిదో వాళ్లకు తెలుసు.